పేరు పలకాల్సిన చోట

జూన్ 16, ఆదివారం

పదకొండు సార్లు పాడాను. పదకొండూ బాగా రాలేదు. వంశీ బాగాలేదనడు, "ఇంకోటి తీస్కుందాం మేడం" అంటాడు, అంతే. హన్మకొండలో బట్టల కొట్టు మీద అతని స్టూడియో. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. నలభై నాలుగేళ్ల బాటనీ లెక్చరర్‌ని, ఆ అట్టల మధ్య హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఏం చేస్తున్నట్టు? మెట్లు దిగేటప్పుడు ప్రతిసారీ ఇదే ప్రశ్న. ఎక్కేటప్పుడు మాత్రం రాదు.

చెవుల్లో టక్కుటక్కుమని క్లిక్ మోగుతుంటే దానికి సరిపడా పాడాలి. నా పాట వరస మొగిలమ్మత్త ఏడుపుది, అది ఏ క్లిక్‌కీ ఒదగదు. పైన ఎక్కడో మొదలై మెట్టు తర్వాత మెట్టు దిగి, ఊపిరి అయిపోయిన చోట ఆగుతుంది. ఆ చోటు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

చివరికి వంశీకి ఫోన్లో ఉన్నది వినిపించాను. నిరుడు అమ్మ పోయినప్పుడు, నెక్కొండ దగ్గర మా ఊళ్ళో, వాకిట్లో అమ్మను పడుకోబెడితే మొగిలమ్మత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చిన ఏడుపు. పద్నాలుగు నిమిషాలు. మొగిలమ్మత్త మాకు చుట్టం కాదు. మా పొలంలో నాట్లకూ కలుపుకూ వచ్చేది, అమ్మ ఈడుది. ఆమె ఏడుస్తుంటే నేను రికార్డు చేశాను. కూతురిని, ఏడవాల్సింది నేను. నాకు రాలేదు. చేతిలో ఫోన్ ఉంది.

వంశీ కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. "ఈమెను అడిగిన్రా మేడం?" అన్నాడు.

"అడుగుతా."

జూన్ 19

ఫోన్లో ఉన్న ఆ ఏడుపులో మొగిలమ్మత్త మొదట మూడుసార్లు అమ్మను పేరు పెట్టి పిలుస్తుంది. "నా కట్టవ్వా" అని. ఆ తర్వాత పేరు రాదు. ఒట్టి మాటలే.

గొంతు పెట్టెల వెట్టి తాళమేస్తివి గదనే
తాళంచెవి ఏ బాయిల ఇడిస్తివి గదనే

అమ్మ పాడేదని నాకు తెలియదు. ఆమె పోయిన రోజు వేరే మనిషి నోట తెలిసింది. మా ఇంట్లో రేడియోలో పాట వస్తే అమ్మ లేచి కట్టేసేది. నేను బడి నుంచి వచ్చి పెట్టుకోవడం, ఆమె వచ్చి కట్టేయడం. నాకు చదువు పాడవుతుందని అనుకునేదాన్ని. ఇప్పుడు అర్థమవుతోంది. మూసిన పెట్టె పక్కన ఎవరో పాడుతుంటే ఎవరు భరిస్తారు?

మా ఆయన సదానందంతో అన్నాను. "అత్తమ్మ పాడంగ నేనెన్నడు ఇనలే సుకన్యా" అన్నాడు, పేపరు మీంచి తల ఎత్తకుండా.

వినకపోవడమే కదా తాళం వేయడమంటే.

ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు క్యాంపస్ స్టేజీ మీద పాడినదాన్ని, ఇరవై ఏళ్ళు నోరు మెదపలేదు. అమ్మ పోయాక మూడు పాటలు కట్టాను. మొదటి రెండు ఎవరైనా కట్టగలరు. ఇది మూడోది.

జూన్ 30

ఊరికి వెళ్లి మొగిలమ్మత్తను అడుగుదామనుకున్నాను. వాన.

జూలై 7

ఇంటర్నల్స్ పేపర్లు. వచ్చే ఆదివారం తప్పకుండా.

జూలై 21

రికార్డింగ్ అయిపోయింది. వంశీ క్లిక్ తీసేశాడు. "మీ ఊపిరి మీదనే పోదాం మేడం, మిగతాది నేను సూస్కుంట" అన్నాడు. ఒక్కసారికే వచ్చింది.

ఒక చోట మాత్రం ఇద్దరం వాదులాడుకున్నాం. రెండో చరణం మధ్యలో మొగిలమ్మత్త చాలాసేపు ఆగుతుంది. నేనూ అక్కడే ఆగాను. వంశీ ఆ ఖాళీ కట్ చేస్తానన్నాడు. వద్దన్నాను.

"గక్కడ ఆమె ముక్కు చీదింది మేడం. అసలు దాంట్ల ఇనవడ్తాంది."

"తెలుసు. ఉండనీ."

ఆగస్టు 4

పాట నెట్‌లో పెట్టాం. పాట నడిచినంతసేపూ అమ్మ ఫొటో ఉంటుంది. ఆధార్ కోసం దిగిందే ఉంది, వేరేది లేదు. అందులో అమ్మ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు ఉంటుంది.

పేరు 'అమ్మ పెట్టె'. మొగిలమ్మత్త మూడుసార్లు పేరు పిలిచిన చోట నేను 'అమ్మా' అని పెట్టాను.

ఊరికి వెళ్లలేదు. పాట పెట్టాక పాట తీసుకుని వెళితే సంతోషిస్తుంది కదా అనుకున్నాను. అలా అనుకున్నానని ఇక్కడ రాసుకుంటున్నాను కాబట్టి, అది నిజం కాదని నాకు తెలిసే ఉంటుంది.

ఆగస్టు 25

స్టాఫ్ రూములో నేను వెళ్ళగానే మాటలు ఆగుతున్నాయి. ఈసారి మంచికే. జువాలజీ మేడం నన్ను పట్టుకుని ఏడ్చింది. ఎవరో పాట కింద రాశారట, రెండో చరణంలో ఆ మౌనం గుండె కోసేస్తోందని. వంశీకి చూపిస్తే ఐదు నిమిషాలు నవ్వాడు.

రాజేశ్వర్ రావు గారు ఫోన్ చేశారు. ఇక్కడి సాంస్కృతిక సంస్థకు కార్యదర్శి. డిసెంబర్‌లో ఖిలా వరంగల్‌లో అమ్మ పాటల సాయంత్రం పెడుతున్నారట. చివరి పాట నాదేనట. "పాడటం మీకెక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని అడిగారు.

"మా అమ్మ నుంచి. ఆమె దాచేసిన గొంతు ఇది" అన్నాను. అంత సూటిగా నేనెప్పుడూ ఏదీ చెప్పలేదు. ఫోన్ పెట్టాక కూడా వెన్ను నిటారుగానే ఉంది.

సెప్టెంబర్ 22, ఆదివారం

పొద్దున బస్సుకు వెళ్లాను. మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

మొగిలమ్మత్త అరుగు మీద పెసరకాయ వలుస్తోంది. చిక్కిపోయింది. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవలే అది? కట్టవ్వ బిడ్డవా? ఏడాదికి యాదికొచ్చిననా?"

"పనివడ్డది అత్తా."

"పనివడ్తెనే వత్తరు. ఏం గావాలె, పెసర్లా?"

ఏడుపు రికార్డు చేశానని చెప్పాను. పాట కట్టానని చెప్పాను. ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టాను. చేతిలో ఒక కాయ ఉంది. పాట అయ్యేదాకా దాన్ని వలవలేదు, కింద పెట్టలేదు.

"నువ్వే పాడినవా?"

"నేనే."

"మంచిగున్నది. మా తీర్గ లేదు గని, మంచిగనే ఉన్నది." ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "మీ అమ్మ ఫొటో ఎందుకు వెట్టినవ్?"

"అమ్మ పాట గదా అత్తా. అమ్మ పాడేదని, పాట బంద్ జేసిందని నువ్వే ఏడిస్తివి గద. నాకప్పుడే తెల్సింది."

మొగిలమ్మత్త నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు.

"కట్టవ్వ పాడుడేందే? మీ అమ్మకు పాటంటె తలకాయ నొచ్చేది. నాట్లల్ల మేం ఎత్తుకుంటె ఒడ్డు మీద నిలవడి తిట్టేది, మీ లొల్లి పాడుగాను, నోరు గాదే, చేతులాడియ్యున్రి అని. ఆమె తిట్లకే మేం ఇంకింత గట్టిగ ఎత్తుకునేటోళ్లం."

"మరి పెట్టె? తాళంచెవి?"

మూడు కాయలు వలిచింది. గింజలు చేటలో పడ్డ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

"అది మా సారలమ్మది."

సారలమ్మ ఆమె ఒక్కతే బిడ్డ. నాకంటే చిన్నది. నాకు లీలగా గుర్తు, రెండు జడలు. నేను హాస్టల్లో ఉండగా పెళ్ళయింది. ఊళ్ళో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆ పిల్లేనట. నర్సంపేట అవతల ఇచ్చారు. అక్కడ కోడలు నోరు లేవకూడదన్నారు. ఆఖరిసారి పండగకు వచ్చినప్పుడు ఆటలో తిరిగిందట గాని నోరు తెరవలేదట.

"కామెర్లైనయట. మాకు చెప్పలే. నేను పత్తి ఏర పోయిన. కబురొచ్చి, రెండు బస్సులు మారి పొయ్యేటాలకు కాష్టం సగం కాలింది. పీనుగ ముందట లేంది ఎవల వట్టుకోని ఏడుస్తవ్ బిడ్డా? ఇంటికొచ్చి కూసున్న. రాలే. ఎనిమిది దినాలకు పక్కింటి ముసలాయన పాయె. గాయన కాళ్లు వట్టుకున్న. అప్పుడొచ్చింది."

చేట పక్కకు జరిపి మళ్ళీ అందుకుంది. "అప్పటి సంది ఎవలు వోయినా పోత. మొదలు వాళ్ల పేరు మూడు మాట్ల అంట. అటెన్క నా బిడ్డకు ఏడ్సుకుంట. ఆడోళ్లమందరం అంతే జేత్తం. నీకెర్కలేదా?"

నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి చావులు చూశాను, ఎమ్మెస్సీ చదివాను, నాకు తెలియదు.

"పేరెందుకు అనవు అత్తా?"

"పరాయి పీనుగ ముందట నా బిడ్డ పేరంటె ఆ ఇంటోళ్లకు కోపం రాదా? కడుపులనే అనుకుంట."

పాట తీసేస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పాడుకో. వద్దంటలేను. ఇరవై ఏండ్ల సంది దాని పేరు నేనొక్కదాన్నే అనుకుంటాన. ఫొటో లేదు, ఏం లేదు. నువ్వు మైకుల పాడుతవ్ గద, అమ్మా అన్నకాడ సారలమ్మా అను. ఒక్కమాటు. నేను సచ్చేలోపు ఇనాలె."

చెయ్యి చాపింది. ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. అరచేయి పెసర పొట్టుతో గరగరలాడింది.

సెప్టెంబర్ 23

అమ్మ పాడలేదు.

అక్టోబర్ 6

అమ్మ పాడకపోతే నాకిది ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడి నుంచీ రాకపోతే? రాకపోయినా ఉంటుందా?

రేడియో గురించి ఆలోచిస్తున్నాను. తలనొప్పి. అంతే. పొద్దంతా ఎండలో ఒడ్డు మీద నిలబడి వచ్చిన మనిషి. రేడియో కట్టేసిన ఆ చేతికి నేను ఏడాదిపాటు ఎంత దుఃఖం అంటగట్టాను. నిజంగా ఉన్న అమ్మ సరిపోలేదేమో నాకు. తిట్టే అమ్మ, లెక్క తప్పని అమ్మ, నాకు డిగ్రీ సీటు వచ్చిందని చెబితే "ముందు అన్నం దిను" అన్న అమ్మ. పాట కట్టడానికి పనికొచ్చే అమ్మ కావాలనుకున్నాను.

సెకండియర్‌కు అంటుకట్టడం చెప్పాను. బోర్డు మీద బొమ్మ గీస్తూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు నేను స్పెల్లింగు మర్చిపోయాననుకున్నారు.

అక్టోబర్ 20

వంశీ దగ్గర పేరు పెట్టి పాడి చూశాను. 'అమ్మా' కంటే బాగుంది. 'సా' దగ్గర గొంతు పైన నిలబడి, అక్కడి నుంచి జారుతుంది. ఏడుపు అసలు ఆ పేరు కోసమే పుట్టింది కదా, బాగుండక ఏమవుతుంది.

"స్టేజ్ మీద ఇట్లనే పాడున్రి మేడం" అన్నాడు వంశీ. "అమ్మ ఫొటో తీసేయాల్నా మరి?"

ప్రోగ్రాం అయ్యాక మొత్తం ఒకేసారి మారుద్దామన్నాను.

డిసెంబర్ 13

రాజేశ్వర్ రావు గారికి ఫోన్ చేసి పాట కథ చెబుదామనుకున్నాను. కరపత్రం వాట్సాప్‌లో పంపారు. నా పేరు కింద 'ఒక తల్లి దాచుకున్న గొంతు' అని అచ్చయింది. ఎల్లుండే.

ఫోన్ చేయలేదు. అచ్చయ్యాక చెప్పి ఏం లాభం. పాటలో పేరు పలికితే చాలు కదా, ఆమె అడిగింది అంతే.

డిసెంబర్ 15

పలకలేదు.

డిసెంబర్ 16

నిన్న అంతకు మించి రాయలేకపోయాను.

నల్లరాతి స్తంభాల మధ్య లైట్లు పెట్టారు. చలి. మూడు వందల మంది ఉంటారేమో. రాజేశ్వర్ రావు గారు నన్ను పిలుస్తూ అమ్మ గురించి చెప్పారు. పాడే అమ్మ, తాళం వేసుకున్న అమ్మ, ఆ తాళం తీసిన కూతురు. నేను ఫోన్లో చెప్పిన మాటలే, ఇంకొంచెం అందంగా. ముందు వరుసలో ఒకావిడ నేను నోరు తెరవకముందే కొంగు కళ్ళకు పెట్టుకుంది. సదానందం ఫోన్ పైకెత్తి తీస్తున్నాడు. ఇరవై ఏళ్ళలో అతను నన్ను అలా చూడటం అదే మొదలు.

ఆ చోటు వచ్చింది. ఊపిరి తీసుకున్నాను. 'సా' నాలుక మీద ఉంది. ఎవరీ సారలమ్మ అని మూడు వందల మంది అనుకుంటారు, ఆ కొంగు కిందికి దిగుతుంది, ఇదంతా ఎందుకు అనిపించింది. ఇంత పెద్ద వాక్యంగా అనిపించలేదు. ఒక్క క్షణమే.

'అమ్మా' అన్నాను. చాలా బాగా అన్నాను. అంత బాగా ఎప్పుడూ రాలేదు.

లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వంశీ మాత్రం వైర్లు చుట్టుకుంటూ నా వైపు చూడలేదు. చూడలేదా, పనిలో ఉన్నాడా, నాకు తెలియదు.

డిసెంబర్ 17

వచ్చే ప్రోగ్రాంలో తప్పకుండా. ముందు కథ చెప్పి, తర్వాత పేరుతో పాడతాను. అదే పద్ధతిగా ఉంటుంది. మొన్న హడావిడిలో పలికితే సారలమ్మకే అన్యాయం జరిగేది.

జనవరి 5

రెండు చోట్ల నుంచి పిలుపులు. కొత్త పాట మొదలుపెట్టాను. రావడం లేదు.

జనవరి 26

ఊరికి వెళ్దామా అన్నాడు సదానందం. పొలం కౌలు మాట్లాడాలి. నాకు జ్వరంలా ఉందన్నాను. ఒక్కడే వెళ్లొచ్చాడు. "మొగిలమ్మకు పానం బాగలేదట. నిన్నడిగిందట" అన్నాడు.

"ఏమని?"

"ఏమని ఏంది? ఎట్లున్నదని."

ఫిబ్రవరి 2, ఆదివారం

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 9

పొద్దున ఏడింటికి స్నేహలత ఫోన్ చేసింది. మొగిలమ్మత్త ఇంటి పక్కమ్మాయి. "అక్కా, మొగిలవ్వ పోయింది."

ఫిబ్రవరి 10

నిన్నటిది.

మేం వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. నెత్తి దగ్గర దీపం. ఆడవాళ్ళు పదిహేను మంది దాకా చుట్టూ కూర్చున్నారు. చప్పుడు లేదు. మా ఊళ్ళో చావు దగ్గర చప్పుడు లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత తట్టింది. ఇరవై ఏళ్ళుగా ఎవరు పోయినా మొదలుపెట్టేది ఆమే. ఎత్తుకునే మనిషే పీనుగై పడుకుంటే ఎవరు ఎత్తుకోవాలో ఎవరికీ తెలియడం లేదు.

స్నేహలత నా పక్కకు జరిగింది. "కోటల పాడినవ్ గద అక్కా, ఆ వీడియో మొగిలవ్వకు నేనే సూపిచ్చిన."

"ఏమన్నది?"

"అయిపోయేదాంక సూసింది. ఇంకోమాటు వెట్టు అన్నది. మల్ల మొత్తం సూసింది. సాలు తియ్యి అన్నది. అంతే."

రెండుసార్లు. మొదటిసారి తానే వినలేదేమో అనుకుని ఉంటుంది. చెవులు సరిగ్గా పని చేయడం లేదనుకుని ఉంటుంది.

అవతలి వైపు కూర్చున్న ముసలామె, సమ్మవ్వ అంటారు, నా వైపు చూసి గొంతు పెంచింది. "పాటలు పాడుతవట గద బిడ్డా. టీవీలల్ల వత్తాందట. మా మొగిలి ఊర్కనే పోవాల్నా?"

అందరూ చూశారు. ఇది స్టేజీ కాదు. నేను లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్లి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. పాదాలు పట్టుకున్నాను. మడమల పగుళ్ళలో మట్టి అలాగే ఉంది. కడిగినా పోని మట్టి.

"నా మొగిలమ్మత్తా" అన్నాను. గొంతు బొంగురుగా ఉంది. శ్రుతి లేదు. రెండోసారి అన్నాను. మూడోసారి అన్నాను.

తర్వాత "సారలమ్మా" అన్నాను.

ఎవరో ఉలిక్కిపడ్డారు. సారలమ్మా, మీ అవ్వ వత్తాంది. సారలమ్మా, నీకోసం రెండు బస్సులు మారి వచ్చింది. సారలమ్మా, ఒక్కమాటు నీ పేరను అన్నది, నేను అనకపోతిని. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. అరిచాను. వీధి మొత్తానికి వినిపించింది, వినాల్సిన ఒక్క మనిషికి తప్ప. నా చుట్టూ ఆడవాళ్ళు కూడా ఎత్తుకున్నారు. ఒక్కొక్కరూ తల వంచుకుని, ఎవరిది వాళ్ళు. ఒకామె నా మెడ చుట్టూ చేతులు వేసి నా భుజం మీద ఏడ్చింది. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నేను పేరు పిలవలేదు.

మాటలు వస్తూనే ఉన్నాయి. నేను వెతుక్కోలేదు. ఏం వచ్చాయో రాద్దామని ఇందాకటి నుంచి కూర్చున్నాను. ఒక్కటీ గుర్తు రావడం లేదు. ఒడ్డు మీద నిలబడ్డ కాళ్ళు ఏవో ఉన్నాయి. అన్నం ఉంది. ఇంకొకటి ఉంది, అదీ నాకు గుర్తుండి కాదు, అంతా అయ్యాక బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే సమ్మవ్వ అడిగింది కాబట్టి.

"మంచిగనే ఏడ్సినవ్ బిడ్డా. గని రేడియో కట్టేసినవని ఏడిస్తివి. మొగిలి ఇంట్ల రేడియో ఎన్నడుండె?"

నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను.

స్నేహలత వాళ్ళమ్మ బోరింగు కొడుతోంది. కొట్టడం ఆపకుండానే, "ఊకో సమ్మవ్వా" అంది. "గట్ల అడుగుతరా ఎవలన్న. కాళ్లు గడుక్కోనియ్యి పిల్లను."